రెండో సూర్యుడికి అట్లు

నవంబరు నెలాఖరుకి కొండ మా సూర్యుణ్ని మింగేస్తుంది.
మింగి రెండు నెలలు అరిగించుకుంటుంది.
ఈసాఫ్యోర్దుర్‌లో పుట్టినవాళ్లం, మాకు అలవాటే.
అలవాటన్నది ఒట్టి కోత అంటుంది
చేపల ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడి ముళ్లు తీసే బొగూషా.
ఆమెది పోలండు. మొహమాటం లేదు.

ఈ చలికాలం నేనొక ఓడ సంపాదించాను.
పడవల ఊళ్లో ఆ మాటంటే ఎన్ని టన్నులని అడుగుతారు.
ఇది టీవీలో తేలుతుంది.
గది ఖాళీ చేస్తూ ఆర్న్‌థోర్ వదిలేసిన అట్టపెట్టెలో
ఒక పాలపుంత, రెండు కంట్రోలర్లు, ఎండిన కమలాతొక్క.

మొదటి రాత్రంతా ముక్కుకే సరిపోయింది.
సాగదీశాను, నొక్కాను, కొంచెం వంకర పెట్టాను.
యాభై రెండేళ్లిచ్చాను. కనుబొమ మీద ఒక గాటు.
వృత్తి అన్నచోట సైనికురాలిని దాటి, గూఢచారిని దాటి
అట్టడుగున ఉన్న వంటమనిషిని నొక్కి
విశ్వాన్ని కాపాడ్డానికి గరిటెతో బయల్దేరాను.

విశ్వం మూడు రోజుల్లో అంతమైపోతుందట.
ఒక అడ్మిరల్ తెర నిండా నిలబడి గొంతు చించుకున్నాడు.
సరే అన్నాను.
ఈలోపు ఏడో అంతస్తులో ఒక ముసలి రోబో మోకాలు కిర్రుమంది.
దానికి నూనె కావాలి. నూనెకి గనుల చందమామ,
చందమామ మీద సమ్మె, సమ్మెలో కూచున్నవాళ్లకి చారు,
చారులోకి ఉప్పు.
ఇలా నలభై గంటలు.
ఇంకా మూడు రోజులే అంటున్నాడు అడ్మిరల్, పాపం.

కనిపించిన ప్రతి ఖాళీ కప్పూ ఏరుకుంటాను.
మోయలేనంత బరువని తెర ఎర్రబడుతుంది, నత్తనడక.
పారెయ్ అంటాడు నా వెంట తిరిగే ఉర్రో.
ఆరు చేతులున్నాయి, ఒక్క కప్పు పట్టుకోడు.
పారెయ్యను. ఎవరివో ఏమో, తిరిగొచ్చి అడిగితే?

డిసెంబరు పన్నెండున దొరికింది ఆ గ్రహం.
పేరు లేదు, అంకెలే.
దిగడానికి పనేం లేదు. దిగాను.
ఉప్పు మైదానం. గాలి చప్పుడు, అంతే.
ముందు పెద్ద సూర్యుడు లేచాడు,
జ్వరపడ్డ పిల్లాడి చెంపలా.
వెనకాలే చిన్నవాడు, తెల్లగా,
ఆలస్యమైందని పరుగెత్తుకొచ్చినట్టు.
ఒక్కో రాయికి రెండు నీడలు. నాకూ రెండు.
ఆ వెలుగు తెర దాటి, సోఫా ఎక్కి
నా మోకాళ్ల మీద కూచుంది.
వెచ్చగా ఏం లేదు, తెలుసు.
అయినా స్వెటర్ చేతులు పైకి మడుచుకున్నాను.

జనవరి ఇరవై ఐదున సూర్యుడు కొండ భుజం దాటి
సోల్‌గాటా వీధిని తాకితే మా ఊళ్లో అట్లు పోస్తారు.
పంచదార చల్లి చుట్టి కాఫీతో తింటారు.
ముందే పోస్తే తప్పని ఎవరూ అనలేదు గానీ
మా ఇంట్లో ఎవరూ పోసిన జ్ఞాపకం లేదు.
నేను పోశాను. రాత్రి పదకొండున్నరకి.
పొద్దున షిఫ్టులో నా జాకెట్ నన్ను పట్టిచ్చింది.
బొగూషా ముక్కెగరేసి, వెన్న, అంది.
స్టెయిన్నున్, ఏ సూర్యుడికే?

రెండోవాడికి, అన్నాను.

ఇరవై ఐదున మబ్బు.
ఊరంతా వీధిలో మెడలు చాచి
వెనకాలెక్కడో ఉన్నాడని ఒకరికొకరు చెప్పుకుని
కాఫీలు చల్లారకముందే లోపలికి పోయారు.
జేబులో నా బొటనవేలు దేనికోసమో తడుముతోంది,
ఇదే ఉదయానికి మళ్లీ తిరిగొచ్చే మీట కోసం.
తాళంచెవులు తగిలాయి.

సాయంత్రం బొగూషా వచ్చింది.
బూట్లు విప్పి, అడక్కుండానే నా కంట్రోలర్ తీసుకుంది.
ఎటు నడవాలి? ఎటైనా.
గోడలోకి నడిచింది. మళ్లీ అదే గోడలోకి.
తలుపు తీయబోయి పొయ్యి వెలిగించింది.
ఉర్రో ఆరు చేతులతో చప్పట్లు కొట్టాడు, లేక అది ఆటలో లోపమో.
పావుగంటకి ఎలాగో ఉప్పు మీదికి దిగింది,
చూపు తలకిందులై, నేల పైన, ఆకాశం కింద.
సరిచెయ్యబోతే నా చెయ్యి తోసేసింది.
ఉండనీ, వస్తున్నాడు.

రేడియోలో అడ్మిరల్, మూడు రోజులే అని.
పెనం మీద అట్టు అంచు మాడుతున్న వాసన.
ఇద్దరం లేవలేదు.